వంకలేని పళ్ళెం

మా వీధిలో నగల వడియాలు పెట్టేది ఒక్క ఝర్నాయే. వాటికి వంకలు పెట్టడానికి మాత్రం మా వీధి జనం చాలక పక్క వీధి నుంచి కూడా వచ్చేవారు.

కలకత్తా దగ్గరి ఈ తమ్లుక్‌లో చలికాలం అంటే మేడ మీద ఎండ. ఎండలో చాప, చాప మీద కమలాపళ్ళు, వాటి చుట్టూ మా ఇంటి యజమానురాలు హేమనలిని, ఆవిడ ఆడపడుచు ఛబి, ఎదురింటి బిజలీ సామంత. ముగ్గురి చేతుల్లోనూ ఉన్ని ఉంటుంది. ఆ ఉన్ని ఎవరి ఒంటి మీదికైనా స్వెట్టరై ఎక్కిన దాఖలా నేనింతవరకూ చూడలేదు. చాప మీద జరిగే అసలు పని వేరు. ఊళ్ళో ఎవరు ఏం చేసినా అది ఎందుకు బాగోలేదో అక్కడ తేలుస్తారు.

మా ఆయనకి హల్దియాలో ఉద్యోగం వచ్చి, మేం హేమనలిని ఇంటి పై వాటాలో దిగినప్పటి నుంచీ నేను ఆ చాపకి 'మద్రాజీ కోడలి'ని. మాది బెజవాడ, మద్రాసు కాదు అని మొదట్లో చెప్పి చూశాను. తర్వాత మా అబ్బాయి స్కూలు మ్యాపు తెచ్చి చూపించాను. హేమనలిని కళ్ళజోడు సవరించుకుని, "ఈ మ్యాపు సరిగ్గా వెయ్యలేదు" అంది. ఆవిడతో వాదన పెట్టుకోవడం అదే ఆఖరు.

మనం వడియాలు వడియాల్లా పెడతాం. వీళ్ళు అలా కాదు. మినప్పిండిని గుడ్డ సంచీలో పోసి, దాని మూతికి కట్టిన రేకు గొట్టంలోంచి సన్నటి దారంలా వదులుతూ, గసగసాలు పరిచిన పళ్ళెంలో హారాలు, జూకాలు, చిలకలు, ఏనుగులు గీస్తారు. ఎండాక నూనెలో వేయిస్తే నోట్లో పెట్టగానే కరిగిపోవాలి. కరగలేదో, పెట్టినావిడ పుట్టింటిదాకా వెళ్తారు.

ఝర్నా విషయంలో ఆ ప్రయాణం మరీ సులువు. ఆమె పుట్టిల్లు బాంకుడా. అక్కడ వడియమంటే ముద్ద. హేమనలిని మరిది కొడుకుని చేసుకుని ఈ ఇంటి వెనక వాటాలోకి కాపురానికొచ్చిన మొదటి చలికాలమే, నేనూ నేర్చుకుంటానని గొట్టం పట్టుకుంది. ఆ రోజు నుంచీ ఆమె ఏం పెట్టినా చాప మీద ఒకటే మాట. "బాంకుడా చెయ్యి. ఇటుకలు పేర్చాల్సిన చెయ్యి."

ఝర్నా నవ్వేది. నవ్వి, పళ్ళెం కడిగి, మళ్ళీ పప్పు నానబోసేది. నిజం చెప్పాలంటే ఆ నవ్వు చూస్తే నాకు ఒళ్ళు మండేది.

"నీకు కోపం రాదా?" అని ఒకసారి అడిగాను.

"ఎందుకు రాదు దిదీ, బోలెడొస్తుంది. కోపమొచ్చిన రోజు పిండి గిలక్కొడితే చెయ్యి బాగా ఆడుతుంది. జేఠీమా ఇటుకలన్న రోజు ఎంత పొంగిందో చూశారుగా."

జేఠీమా అంటే పెద్దత్త, హేమనలినే. పిండి పొంగిన మాట నిజమే. కానీ ఝర్నా వడియాలు గట్టిగా వస్తున్న మాట కూడా నిజమే, దానికి కారణం వీధిలో అందరికీ తెలిసిందే. ఇది ఇద్దరి పని. ఒకరు గీస్తున్నంతసేపూ ఇంకొకరు గిన్నెలో పిండి కొడుతూనే ఉండాలి. చెయ్యి ఆగితే పిండి చచ్చిపోతుంది. అందుకే ఈ ఊళ్ళో ఒక న్యాయం ఉంది. గీత వంకరైతే గీసినదాని తప్పు, వడియం గట్టిగా వస్తే కొట్టినదాని తప్పు. ఝర్నాకి కొట్టేవాళ్ళు లేరు. తనే కొట్టుకుని, చెయ్యి కడుక్కుని, తనే గీసుకునేది. కాబట్టి రెండు తప్పులూ ఆమెవే. చాప మీద ముగ్గురు ఆడవాళ్ళు, ఆరు చేతులు, అన్నీ ఉన్నిలో ఇరుక్కుని ఉండేవి.

ఈసారి మాఘంలో హేమనలిని మనవరాలు మహువా పెళ్ళి కుదిరింది. వీళ్ళలో పెళ్ళికొడుకు ఇంటికి సారె పళ్ళేలు వెళ్తాయి. చీరలు, మిఠాయిలు, పెళ్ళికూతురిలా చీర కట్టి ముక్కెర పెట్టిన పెద్ద చేప, వాటితోపాటు ఇంటి ఆడవాళ్ళ చేత్తో పెట్టిన నగల వడియాల పళ్ళెం ఒకటి. ఇంతకుముందు ఇంట్లో ఏ పెళ్ళి జరిగినా ఝర్నా వాటాకి వచ్చేది చేపకి స్నానం చేయించడం. చీర కట్టే గౌరవం మాత్రం ఛబిది.

మహువా తల్లి ఉద్యోగస్తురాలు. ఆ పిల్లకి జడలు వేసిందీ, జ్వరం వస్తే గంజి తాగించిందీ, లెక్కలు రాక ఏడిస్తే తనకీ రాని లెక్కలు పక్కన కూర్చుని చేసిందీ ఝర్నాయే. అందుకని ఆమె ఎన్నడూ లేనిది నోరు తెరిచి అడిగింది.

"జేఠీమా, మహువా పళ్ళెం నేను పెడతాను."

చాప మీద ఉన్ని ఆగింది.

"పెళ్ళివారిది మహిషాదల్," అంది హేమనలిని. "ఆ ఊళ్ళో పసిపిల్లలు కూడా వడియం మొహం చూసి కొట్టిన చెయ్యేదో చెప్తారు. నీ ఇటుకలు పంపితే వాళ్ళు గోడ కట్టుకుంటారు."

"మీరు పెట్టకూడదూ మరి?" అంది ఝర్నా.

"నా భుజం సంగతి తెలిసే అడుగుతున్నావా?"

"పోనీ, బిజలీ దిదీ పెడుతుందా?"

"నాకు సోడియం తక్కువమ్మా," అంది బిజలీ, అదేదో పెద్ద చదువు పట్టా అయినట్టు.

ఛబి తన రోగం చెప్పేలోపే హేమనలిని తీర్పిచ్చింది. "బజారు నుంచి తెప్పిస్తాను. లేదా పుష్యం వెళ్ళేలోగా, నేను వేలు పెట్టి చూపించడానికి తప్పు దొరకని పళ్ళెం ఒక్కటి నా ముందు పెట్టు. అదే పంపుదాం."

ఆవిడ వేలు పెట్టని పళ్ళెం పుట్టలేదని నాకు తెలుసు, ఆవిడకీ తెలుసు. ఝర్నా మాత్రం, "సరే జేఠీమా," అని పప్పు నానబోయడానికి దిగిపోయింది.

మొదటి పళ్ళెం గట్టిపడింది. గట్టిపడక ఏమవుతుంది? హేమనలిని ఒక జూకా తీసి నేల మీద కొట్టి చూసింది. అది విరగలేదు. బిజలీ అయితే శంఖంలా చెవి దగ్గర పెట్టుకుని విన్నది.

"దీన్ని నూనెలో వెయ్యాలా, పునాదిలో వెయ్యాలా?" అంది ఛబి.

"గీత ఎలా ఉంది పిషీ?" అంది ఝర్నా, ఛబి వైపు తిరిగి.

"గీత... గీత పర్వాలేదులే."

"అయితే సగం వచ్చినట్టే."

ఆ ఆదివారం మహువా అన్న ప్రాంతిక్ కలకత్తా నుంచి వచ్చాడు. అతగాడు ఏదో కంపెనీలో పని చేస్తూ, సెలవురోజుల్లో ఫోను ముందు కూర్చుని, జీవితంలో ఎలా గెలవాలో జనానికి చెప్తుంటాడు. మేడెక్కి, తనకి పిన్ని వరసైన ఝర్నా పక్కన కూర్చుని, తల ఒక పక్కకి వాల్చి, "కాకీమా, విమర్శని కానుకలా తీసుకోవాలి" అన్నాడు.

"తీసుకుంటూనే ఉన్నా నాన్నా. ఇంట్లో పెట్టుకోవడానికి చోటు లేదు. నీకు ఓ సంచీడు కట్టివ్వనా?"

పిల్లవాడు నవ్వాడు కానీ సంచీ వద్దన్నాడు. ముందు వారమే ఎవరో అతని ప్రసంగం కింద 'గొంతు బొంగురు' అని రాశారట. రెండు రోజులు అన్నం మానేశాడని వాళ్ళమ్మే చెప్పింది.

రెండో పళ్ళెం నాడు నేనే గిన్నె లాక్కుని పిండి కొట్టాను. గారెల పిండి కొట్టి కొట్టి అరిగిన చెయ్యి నాది, పొంగకేం చేస్తుంది. ఝర్నా చిలకలు గీస్తుంటే హేమనలిని మెట్లెక్కి వచ్చి చూసింది.

"సారె పళ్ళేనికి పరాయి చెయ్యా?"

"ఈ చెయ్యి పెట్టిన గుమ్మడి వడియాలు వానాకాలమంతా మీరు లొట్టలేసుకుని తిన్నారు మాశిమా," అన్నాను. నేనావిణ్ణి మాశిమా అంటాను, అంటే పిన్నిగారు.

"తినడం వేరు, పంపడం వేరు."

ఆ పిండి అక్కడే ఆగిపోయింది. తిన్నదాన్ని తిన్నామని ఒప్పుకోవడానికి కూడా ఈవిడకి ముహూర్తం కావాలి కాబోలు.

మర్నాడు ఝర్నా మళ్ళీ ఒంటరిగా మొదలెట్టింది. ఆకాశం కొంచెం మసగ్గా ఉంది. పెట్టనా వద్దా అని అడిగితే హేమనలిని గాలి వాసన చూసి, "ఉత్తరగాలి. పెట్టుకో. ఆకాశం సంగతి నాకు చెప్తావా" అంది. పెట్టింది. పదింటికల్లా రూపనారాయణ్ నది మీది పొగమంచు వచ్చి మేడని మింగేసింది, మూడు రోజులు వదల్లేదు. వడియాలు ఎర్రబడి, పులిసిన వాసన వేశాయి.

"ఆకాశం చూసుకోవద్దూ?" అంది హేమనలిని.

నేను నోరు తెరిచాను. ఝర్నా నా చెయ్యి గిల్లి, పళ్ళెం తీసుకెళ్ళి వెనక చెరువులో బాతులకి వేసి వచ్చింది.

"బాతులకి నచ్చాయి దిదీ," అంది.

"బాతులు సారె తీసుకుంటాయా?"

"తీసుకోవు." కాసేపు పళ్ళెం రుద్దింది. అప్పుడు మాత్రం మొహాన నవ్వు లేదు. "పుష్యం ఇంకెంతో లేదు. గసాలు కూడా ఈ ఒక్కసారికే ఉన్నాయి. ఈసారీ బజారు పళ్ళెమే వెళ్తే, పిల్ల నన్నేమీ అనదు. అననందుకే నాకు బాధ."

ఆ మాటకి నేను మర్నాడు నా గుమ్మడికాయ తీసుకుని మేడెక్కాను. వడియాలు పెట్టాలని కాదు. చాప దగ్గర ఒక మనిషి కూర్చోవడానికి ఒక సాకు ఉండాలి కదా. ఝర్నాతో ముందే మాట అనుకుని వెళ్ళాను.

ఆమె పిండి గిన్నె తెచ్చి తిన్నగా చాప మధ్యలో, కమలాల పక్కన పెట్టింది.

"జేఠీమా, పిండి సంగతి నాకు రాదు. మీరు చెప్పండి, వింటాను."

"ఎన్నిసార్లు చెప్పాలి? తేలిగ్గా ఉండాలి."

"తేలిగ్గా అంటే ఎంత?"

"మబ్బంత."

"మబ్బుని చేత్తో పట్టుకుని ఎరగను జేఠీమా."

నేను గుమ్మడి ముక్కల మీంచి తలెత్తకుండా అన్నాను. "పోనీ ఝర్నా, పెద్దావిణ్ణి ఇబ్బంది పెట్టకు. ఒకప్పుడు వచ్చేదేమో. ఇప్పుడావిడ చేతికి ఎక్కడొస్తుంది."

హేమనలిని సూదులు కింద పెట్టింది.

"ఏమన్నావు మద్రాజీ కోడలా?"

"ఏం లేదు మాశిమా. మీ భుజం సంగతి."

"నా భుజానికేమొచ్చింది?"

ఆ భుజానికేమొచ్చిందో ఆ పొద్దున్నే గంటసేపు విన్నదాన్ని. గుమ్మడి తరుక్కుంటూ పోయాను. ఆవిడ గాజులు మోచేతిదాకా తోసుకుని గిన్నె ఒళ్ళోకి లాక్కుంది.

కొట్టింది. చాలాసేపు కొట్టింది. పిండి సరిగ్గా కుదిరిందా లేదా చూడాలంటే ఒక చుక్క నీళ్ళలో వేస్తారు. తేలితే వచ్చినట్టు. ఛబి గిన్నెలో నీళ్ళు తెచ్చింది. చుక్క వేశారు. మునిగింది.

"ఈ నీళ్ళు మంచివి కావు," అంది హేమనలిని.

నీళ్ళు మార్చారు. మళ్ళీ మునిగింది.

"వదినా, మణికట్టు తిప్పాలి, భుజం కాదు," అంది ఛబి.

"నువ్వు తిప్పు చూస్తాను."

ఛబి తిప్పింది. ఆవిడకి ఆయాసం వచ్చాక గిన్నె బిజలీ ఒళ్ళోకి వెళ్ళింది. సోడియం మాట ఎత్తడానికి కూడా ఆ ఇద్దరూ సందివ్వలేదు. బిజలీ కొడుతుండగా చుక్క తేలింది. అది తేలింది ఎవరి చేతి మహిమో తేల్చుకోవడానికి ముగ్గురూ వాదులాడుకున్నారు, గిన్నెలో చెయ్యి మాత్రం ఆపకుండా. ఆపితే చస్తుందని వాళ్ళకి కొత్తగా చెప్పక్కర్లేదు కదా.

ముందుగా ముసలాయన, ముసలమ్మ అని రెండు ముద్దలు పెట్టారు. ప్రతి ఏడూ ఇంటి ఆడవాళ్ళంతా కలిసి పెట్టే మొదటి వడియాలకి ఇక్కడ పెళ్ళి చేస్తారు. బొట్టు పెట్టి, గరిక వేసి, నాలుక ఆడిస్తూ మంగళధ్వని చేయాలి. చెయ్యడానికి ముగ్గురిలో ఎవరికీ ఊపిరి లేదు. నేనే చేశాను. పరాయి నోరని అప్పుడెవరూ అనలేదు.

ఝర్నా గొట్టం పట్టింది. ఎప్పుడూ గబగబా గీసే మనిషి ఆ రోజు తీరిగ్గా గీసింది. హారానికి పతకం వేసింది. పతకానికి జాలరు కట్టింది. జూకాలకి ముత్యాలు చుట్టింది. ఇంతకుముందు ఆమె ముత్యాలు చుట్టడం నేను చూడలేదు.

"ఇంకా ఎంతసేపే?" అంది హేమనలిని, చెమట చీర కొంగుతో తుడుచుకుంటూ.

"ఏనుగులున్నాయి జేఠీమా. ఏనుగులు లేకుండా మహిషాదల్ వాళ్ళకి పంపితే బాగుంటుందా?"

బాగోదు. ఆ విషయం ఆ ముగ్గురి కంటే బాగా తెలిసినవాళ్ళు లేరు. కొట్టారు. మేడ మీద గిన్నె చప్పుడు తప్ప మాట లేదు. అన్నేళ్ళలో ఆ చాప అంతసేపు నోరు మూసుకుని ఉండటం అదే చూడటం. పిట్టల అరుపులు కూడా వినబడ్డాయి.

ఎండ మా పక్షాన నిలిచింది. కాకులు రాకుండా ముగ్గురూ వంతులేసుకుని కాపలా కాశారు. తమ పిండి అయ్యేసరికి కాకుల మీద వాళ్ళకి పుట్టిన కోపం చూస్తే నాకు ముచ్చటేసింది. ఎండిన వడియం ఒకటి వేయించి హేమనలిని చేతిలో పెట్టింది ఝర్నా. ఆవిడ కొరికింది. వేలు ఎత్తింది. వేలు గాల్లో కొంచెంసేపు తిరిగింది. గట్టిగా ఉందంటే తన చెయ్యి. పొడిపొడిగా రాలిందంటే ఆడపడుచు చెయ్యి. ఆ వేలికి వాలడానికి చోటు లేకపోయింది.

"పిండి మాత్రం బ్రహ్మాండంగా కుదిరింది," అంది చివరికి.

"ఒక జూకా వంకర పోయింది," అంది ఛబి, వెతికి వెతికి.

"పోయింది పిషీ," అంది ఝర్నా. "పళ్ళెం వెళ్తుందా మరి?"

"వెళ్ళక? అంత కష్టపడి కొట్టిన పిండి బాతులకి వేస్తానా?" అంది హేమనలిని.

అలా మాఘంలో పళ్ళెం వెళ్ళింది. సారె తీసుకెళ్ళేది ప్రాంతిక్. వాడు కారెక్కుతుంటే హేమనలిని గుమ్మంలోంచి చెప్పింది. "వడియాలు ఎవరివని అడుగుతారు. హేమనలిని చెయ్యి అను. పాతకాలపు చెయ్యి అను."

వెనక వరండాలో ఝర్నా వింది. చేప ముక్కెర తీగ ఒకటి ఎక్కువైతే దాన్ని వేళ్ళ మధ్య వంచుతూ కూర్చుంది. వంచి, మళ్ళీ సరిచేసి, మళ్ళీ వంచింది.

"నీకు నోరు లేదా?" అన్నాను.

"మహువాకి తెలుసు దిదీ."

"అది చాలా?"

"చాలదు," అంది. "కానీ పళ్ళెం నాదే వెళ్ళిందిగా. మొన్నటిదాకా అదీ లేదు. ఇప్పుడదుంది. మిగతాది చూద్దాం."

ఏం చూస్తుందో నాకు అర్థం కాలేదు. ఇలాంటి వాళ్ళతో వచ్చిన చిక్కే ఇది. మనం వాళ్ళ తరఫున తిట్టుకుంటూ ఉంటే వాళ్ళు రేపటి సంగతి మాట్లాడతారు.

సాయంత్రం ప్రాంతిక్ తిరిగి వచ్చాడు. మర్యాదలు బాగా జరిగాయన్నాడు. చేప అందంగా ఉందన్నారన్నాడు. వడియాల మాట మాత్రం ఎత్తలేదు. హేమనలిని వాణ్ణి కుర్చీలో కూర్చోబెట్టి, చేతికి టీ ఇచ్చి, దారి మూసి నిలబడింది.

"పెళ్ళికొడుకు మేనత్త ఉంది కదా, నిరుపమ," అన్నాడు వాడు టీలోకి చూస్తూ. "ఆవిడ చూసింది. పిండి తేలిగ్గానే ఉందంది."

"ఊఁ."

"గసాలు పల్చగా వేశారంది."

"ఊఁ?"

"ఏనుగులు మేకల్లా ఉన్నాయంది. తమ్లుక్‌లో ఏనుగుల్ని చూసి చాలాకాలమైందేమో పాపం, అంది. అందరూ నవ్వారు. నువ్వు దీన్ని కానుకలా..."

మాట పూర్తి కాలేదు. అంత భుజం నొప్పి మనిషి అంత వేగంగా ఫోను దాకా వెళ్ళగలదని నేననుకోలేదు. మేనత్తకే చేసింది. కుశలం అడిగింది, చలి గురించి మాట్లాడింది, ఆ తర్వాత ఒక్కొక్క అక్షరం నొక్కి పలికింది.

"పిండి నాదమ్మా. పిండిలో తప్పుంటే చెప్పు, తల దించుకుంటా. ఏనుగులకీ నాకూ సంబంధం లేదు. హారాలు, జూకాలు, చిలకలు, ఏనుగులు, ఆ పళ్ళెం మీద గీతన్నది ఎక్కడుంటే అదంతా మా ఝర్నా. మా మరిది కోడలు. బాంకుడా పిల్ల. నేను గొట్టం ముట్టుకోను కూడా లేదు. కావాలంటే దాన్నే అడుగు, ఇదిగో నంబరు రాసుకో."

నేను ఝర్నా వంక చూశాను. గుమ్మం పక్కన నిలబడి ఉంది. ముందు కళ్ళు పెద్దవయ్యాయి, తర్వాత కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడుస్తోందేమోనని దగ్గరికి వెళ్ళాను. భుజాలు కదిలిపోయేలా నవ్వుతోంది.

"విన్నారా దిదీ? అంతా నాదేనట. మహిషాదల్ మొత్తానికి తెలిసిపోయింది."

"మేకలన్నారే."

"అననివ్వండి. ఎవరి మేకలో తెలిసిందిగా."

హేమనలిని ఫోను పెట్టేసి, పరువు దక్కించుకున్న మనిషిలా వచ్చి కూర్చుంది. తను చేసిందేమిటో ఆవిడకి ఇప్పటికీ తెలియదు. నేను చెప్పబోవడం లేదు.

మర్నాడు పొద్దున్నే నిరుపమ ఝర్నాకి ఫోను చేసింది. ఏనుగుని ముఖం నుంచి మొదలుపెట్టడమే తప్పనీ, తోక దగ్గర మొదలెట్టి వీపు మీంచి వస్తే తొండానికి దారం సన్నబడదనీ, అదికూడా తెలియనివాళ్ళు పిల్లనిచ్చారంటే ఆశ్చర్యంగా ఉందనీ చెప్పుకుపోయింది. ఝర్నా ఊఁ కొడుతూ, మధ్యమధ్య "మళ్ళీ చెప్పండి, వీపు దగ్గర ఎటు తిప్పాలి?" అని అడిగింది. చివర్లో మేనత్తకి గొంతు ఎండిపోయి, వచ్చే పండక్కి ఇంకో పళ్ళెం పంపమని, ఈసారైనా ఏనుగులు పంపమని పెట్టేసింది.

నేను కాస్త గసాలిచ్చాను. మర్నాటికి పప్పు నానింది. మేడ మీద చాప పరిచి ఉంది, కమలాలు వచ్చి ఉన్నాయి, ముగ్గురూ వచ్చి ఉన్నారు. తోక సంగతి విని హేమనలిని కళ్ళు ఎర్రజేసింది.

"తోక నుంచా? ఏనుగుని ఎవరైనా తోక నుంచి మొదలుపెడతారా? మహిషాదల్ వాళ్ళకి ముందేదో వెనకేదో తెలియదు."

"అయితే చూసేద్దాం జేఠీమా. ముఖం నుంచి ఒకటి, తోక నుంచి ఒకటి గీస్తాను," అని ఝర్నా గిన్నె ఆవిడ ఒళ్ళో పెట్టింది.

ఆవిడ గాజులు పైకి తోసుకుంది. తోక నుంచి మొదలైన ఏనుగు వీపు దాకా బాగానే వచ్చింది. తొండం దగ్గరికొచ్చేసరికి పందయింది. ముగ్గురూ ఒక్కసారే ముందుకు వంగి, నోళ్ళు తెరిచారు.

ఝర్నా తలెత్తలేదు. "గిన్నెలో చెయ్యి ఆగింది జేఠీమా," అంది.